అడుగు ఖర్చు

మా నాన్నగారు ఆబిడ్స్‌లోని ఒక బట్టల దుకాణంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశారు. ప్రతిరాత్రి భోజనానికి ముందు ఎర్రఅట్ట వేసిన ఒక పొడవాటి పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని ఆనాటి ఇంటిలెక్కలు రాసుకునేవారు. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. కొత్తిమీర కట్టకు ఇచ్చిన పావలా కూడా ఆ పద్దులో చేరవలసిందే. “రాసిపెట్టని ఖర్చు దొంగలాంటిదిరా! ఎప్పుడొచ్చిందో, ఏం పట్టుకుపోయిందో తెలియదు” అనేవారు. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. సాహిత్యం చదువుకొని, కళాశాలలో తెలుగు అధ్యాపకుణ్ణయిన నాకు జమాఖర్చులతో ఏం పని అనుకున్నాను. యాభై నాలుగో ఏట నా నడకకు నేనే చిట్టా రాసుకోవలసి వస్తుందని ఎన్నడూ ఊహించలేదు.

మా ఇల్లు నాంపల్లి రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో ఒక గల్లీలో ఉంది. 1907లో కట్టిన ఆ స్టేషను ముందు నుంచి బయలుదేరి, స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు దాకా నడిస్తే సుమారు ఒక కిలోమీటరు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా జాతీయుడు అక్కడ దుకాణం తెరవడం వల్లనే ఆ ప్రాంతానికి ఆ పేరు వచ్చింది. దారిలో సరోజినీ నాయుడు పుట్టింటివారు నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్ భవనం కనిపిస్తుంది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట అక్కడే ఆరంభమైంది. ఆదివారాలలో ఆబిడ్స్ దుకాణాలు మూసి ఉంటాయి. అప్పుడు వాటి మెట్ల మీద, కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నా గ్రంథాలయంలో సగం ఆ కాలిబాటల మీద కొన్నదే. ఇక సాయంకాలాలు నేనూ, మా ఆవిడా పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచేవాళ్ళం. నడుస్తూ మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో తెమలని విషయాలెన్నో ఆ చెట్లకింద తెమిలిపోయేవి. ఈ నడకలన్నీ నాకు ఉచితంగా లభించాయనే భ్రమలో ఇన్నేళ్ళూ బతికాను.

2022 డిసెంబరులో ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఎడమచేయి మొద్దుబారి ఉంది. చేయి కింద పెట్టుకొని పడుకోవడం వల్ల తిమ్మిరెక్కిందనుకున్నాను. మంచం దిగబోతే ఎడమకాలు మాట వినలేదు. గోడ పట్టుకొని కూర్చున్నాను. కాసేపటికి అదే సర్దుకుంటుందని మా ఆవిడకు చెప్పాను. ఆమె దీపం వేసి నా ముఖం చూసి, “ఏమండీ, ఒకసారి నవ్వండి” అంది. నవ్వాను. పెదవి ఒకవైపే కదిలిందట. ఆమె మరుక్షణమే ఎదురింటి అబ్బాయిని కేకవేసి ఆటో పిలిపించింది. అయితే అంతకుముందే నేను దాదాపు ఒక గంట వృథా చేశాను.

ఆసుపత్రిలో వైద్యుడు వేసిన మొదటి ప్రశ్న, “వీరు ఆరోగ్యంగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?” అన్నది. రాత్రి పది గంటలకు పడుకున్నాను. కాలపు లెక్క మెలకువ వచ్చిన క్షణం నుంచి కాక, ఆ పది గంటల నుంచి మొదలవుతుందని అప్పుడు తెలిసింది. మెదడులోని రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, దానిని కరిగించే సూదిమందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ప్రత్యేకమైన స్కానింగుల సాయంతో ఇప్పుడు కొందరికి ఆ గడువు తరువాత కూడా ఇవ్వగలుగుతున్నారు గాని, నాకు ఆ అవకాశం లేకపోయింది. మెదడు కుడిభాగంలో కొంతమేర కణాలు నశించాయి. కుడి మెదడు శరీరపు ఎడమభాగాన్ని నడిపిస్తుంది కనుక ఎడమకాలూ, ఎడమచేయీ బలహీనపడ్డాయి. మాట మిగిలింది. ఉపాధ్యాయుడికి అదే పదివేలు అని నన్ను నేను ఓదార్చుకున్నాను.

పన్నెండో రోజున ఇంటికి వచ్చాను. చూడవచ్చినవారందరూ వైద్యులే. ఒకరు నాటుమందు పేరు చెప్పారు. ఒకరు పావురం నెత్తురు రాస్తే నరాలు లేస్తాయన్నారు. ఇంకొకరు, “పక్షవాతం వచ్చినవాడు కదలకూడదు, పూర్తి విశ్రాంతి కావాలి” అని శాసించారు. అన్నింటికంటె అపాయకరమైన సలహా ఈ చివరిదేనని తరువాత గ్రహించాను. మంచం పట్టిన మనిషి కండరం రోజురోజుకీ కరుగుతుంది. గుండె, ఊపిరితిత్తులు సోమరులవుతాయి. ఆసుపత్రి వారు సూచించిన ఫిజియోథెరపిస్టు వారానికి మూడురోజులు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. నన్ను ‘అంకుల్’ అని పిలిచేది. ముప్ఫై ఏళ్ళుగా ‘సార్’ అనిపించుకున్న నా చెవికి ఆ పిలుపు మొదట్లో ముల్లులా గుచ్చుకుంది. కుర్చీలోంచి లేపడం, నిలబెట్టడం, బరువును ఎడమకాలి మీదికి మార్చడం, ఇవే తొలిపాఠాలు. ఫిబ్రవరి మొదటివారానికి కర్ర ఊతంతో గల్లీ చివరిదాకా నడవగలిగాను.

ఆ వారంలోనే మా ఆవిడ నన్ను ఆటోలో పబ్లిక్ గార్డెన్స్‌కు తీసుకువెళ్ళింది. రెండునెలల తరువాత ఆ చెట్లను చూసి నా కళ్ళు చెమర్చాయి. మేము పాత అలవాటు ప్రకారం నడక మొదలుపెట్టాము. ఒక మలుపు దగ్గర ఆమె చేయి చూపుతూ, “పెళ్ళయిన కొత్తలో ఇక్కడే మీ గొడుగు పోగొట్టుకున్నారు, గుర్తుందా?” అని అడిగింది. గుర్తుంది. కాని ఆ ఒక్కమాట అనడానికి నా దగ్గర ఊపిరి లేదు. అడుగు వేయాలి, కాలు ఎత్తాలి, కర్ర ఆనించాలి, పడకుండా చూసుకోవాలి. నా సర్వశక్తులూ ఆ పనికే ఖర్చయిపోతున్నాయి. ఆమె నా ముఖం వైపు చూసింది. నేను మరచిపోయాననుకుందో, మెదడు దెబ్బతిన్నదని భయపడిందో, మరి మాట్లాడలేదు. బెంచీ మీద కూర్చొని ఊపిరి తీసుకొనేసరికి ఆ ప్రశ్న గాలిలో కలిసిపోయింది. ఆ తరువాత కొన్ని నెలలపాటు మేము మౌనంగానే నడిచాము. కాలు పడిపోయినందుకన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువగా బాధించింది.

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం ఆబిడ్స్‌లో పాత పుస్తకాలు చూద్దామని బయలుదేరాను. మా ఆవిడ పక్కనే ఉంది. పోస్టాఫీసుకు సమీపంలో రోడ్డు దాటవలసి వచ్చింది. ఆ దారి వెడల్పు సుమారు 15 మీటర్లు ఉంటుంది. సిగ్నల్ చూసుకొనే దిగాము. నడిమధ్యకు చేరేసరికి అది మారిపోయింది. ఒక్కసారిగా బండ్లు కదిలాయి, హారన్లు మోగాయి. భయంతో నా ఎడమకాలు కొయ్యబారింది. ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగున వచ్చి చేయి అడ్డుపెట్టి మమ్మల్ని దాటించాడు. అవతలి కాలిబాట మీద కూలబడ్డాను. పుస్తకాలు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాయి. లేచి వాటిని చూసే ఓపిక లేకపోయింది. తిన్నగా ఇంటికి వచ్చి, “ఇక ఈ నడకలు చాలు” అన్నాను. మూడువారాలు గడప దాటలేదు.

నాలుగోవారం ఫిజియోథెరపిస్టు నా ఎదుట కుర్చీ వేసుకొని కూర్చుంది. “అంకుల్, మీరు రోడ్డు ఎందుకు దాటలేకపోయారో లెక్కచేసి చూద్దామా?” అంది. ఫిబ్రవరిలో తొలిసారి నన్ను పరీక్షించినప్పుడు, పబ్లిక్ గార్డెన్స్ బాటలో 30 మీటర్లు తాడుతో కొలిచి, ఆరు నిమిషాలపాటు అటూ ఇటూ నడిపించింది. నేను నడిచింది 120 మీటర్లు. అంటే నిమిషానికి 20 మీటర్లు, సెకనుకు మీటరులో మూడోవంతు. ఆ వేగంతో 15 మీటర్ల రోడ్డు దాటడానికి 45 సెకన్లు కావాలి. నాకోసం సిగ్నల్ అంతసేపు ఆగదు. సెకనుకు 0.4 మీటర్ల కంటే తక్కువ వేగం గలవారి నడక సాధారణంగా ఇంటికే పరిమితమవుతుందనీ, 0.8 మీటర్లు దాటినవారు బజారులో స్వేచ్ఛగా తిరగగలరనీ 1995లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన నిర్ణయించిందట. నా ప్రపంచం నాలుగు గోడలకు కుంచించుకుపోవడానికి కారణం ఒక చిన్న అంకె!

“సరే, నెమ్మదిగానే నడుస్తాను. కాని అంత నెమ్మదిగా నడిచినా ఎందుకింత ఆయాసం?” అని అడిగాను. అప్పుడు ఆమె చెప్పిన పాఠం నాకు మా నాన్నగారి ఎర్రఅట్ట పుస్తకాన్ని గుర్తుకు తెచ్చింది.

ఆరోగ్యవంతుడి నడక చాలా పొదుపైనది. ఒక కాలు నేలపై ఆనినప్పుడు శరీరం దాని మీదుగా తలకిందులైన లోలకంలా ముందుకు ఊగుతుంది. పైకి లేచినప్పుడు దాచుకున్న శక్తిని కిందికి వాలేటప్పుడు తిరిగి వాడుకుంటుంది. అందువల్ల ప్రతి అడుగుకూ కొత్తగా పెట్టవలసిన శక్తి స్వల్పమే. పక్షవాతం ఈ ఊపును చెడగొడుతుంది. మోకాలు తగినంతగా వంగదు. పాదం వేలాడి వేళ్ళు నేలకు తగులుతాయి. అప్పుడు మనిషి తుంటిని పైకెత్తి, కాలును అర్ధచంద్రాకారంగా తిప్పి వేస్తాడు. మంచికాలు రెండోకాలి పనిని కూడా మోస్తుంది. ప్రతి అడుగూ బండిని ఆపి మళ్ళీ తోసినట్లవుతుంది. అందువల్ల ఒక మీటరు దూరానికి అయ్యే శక్తి మామూలు మనిషి కంటె ఒకటిన్నర నుంచి రెండు రెట్ల వరకు ఉంటుందని పరిశీలనలు తెలుపుతున్నాయి. ఇది ఖర్చు. ఇక జమ సంగతి. శరీరం గరిష్ఠంగా వాడుకోగల ప్రాణవాయువు, పక్షవాతం వచ్చినవారిలో తమ ఈడువారితో పోలిస్తే తరచు సగానికి దగ్గరగా పడిపోతుంది. ఒకవైపు ఖర్చు రెట్టింపు, మరొకవైపు ఆదాయం సగం. ఇటువంటి సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది? మాట్లాడటానికి ఊపిరి మిగలకపోవడంలో వింత ఏముంది?

“అయితే మార్గాలు రెండు” అంది ఆమె. “ఆదాయం పెంచాలి, ఖర్చు తగ్గించాలి.” గుండెకూ ఊపిరితిత్తులకూ వ్యాయామం ఇస్తే ఆదాయం పెరుగుతుంది. కాలి కండరాల బలం, నడక తీరు మెరుగుపడితే ఖర్చు తగ్గుతుంది. వేలాడే పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ స్ప్లింట్‌ను బూటులో వేసుకుంటే ఆనాటి నుంచే కొంత ఆదా. నేను ఆ స్ప్లింట్‌ను నామోషీగా భావించి అటకమీద పెట్టించాను. మరునాడే దింపించాను.

ఆమె చెప్పిన మరొక మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. నెమ్మదిగా నడవడం పొదుపు కాదట, దుబారాయట! మీటరు దూరం దాటడానికి ఎంత ఎక్కువసేపు పడితే, శరీరాన్ని నిలబెట్టి ఉంచే ఖర్చు అంతగా పెరుగుతూ పోతుంది. పైగా మరీ నెమ్మదైన నడకలో ఆ లోలకపు ఊపు అందదు. సైకిలు మరీ మెల్లగా తొక్కితే తూలిపోవడం మనందరికీ అనుభవమే కదా! పక్షవాతం వచ్చినవారు తాము ఎంచుకొన్న వేగం కంటె కాస్త వేగంగా నడిచినప్పుడు మీటరుకు అయ్యే ఖర్చు తగ్గినట్లు పరిశోధనలలో తేలింది. పడిపోతాననే భయంతో నేను వేగాన్ని అణచుకున్నాను. ఆ భయమే నా ఊపిరిని దోచుకుంటున్నది. రాసిపెట్టని ఖర్చు దొంగలాంటిదన్న నాన్నగారి మాట అప్పుడు అర్థమైంది.

ఆనాటి నుంచి క్రమశిక్షణ మారింది. వైద్యుడి అనుమతి తీసుకున్నాము. వారానికి నాలుగురోజులు శిక్షణ. ముందు రక్తపోటు చూసుకోవడం, తరువాత అయిదు నిమిషాలు మామూలు నడక. ఆ పైన అరనిమిషం వడిగా నడక, నిమిషమో రెండు నిమిషాలో విశ్రాంతి. ఇలా మొదట నాలుగుసార్లు, క్రమంగా పదిసార్లు. నా నడుముకు బెల్టు కట్టి, ఎడమవైపున ఆ అమ్మాయో, మా ఆవిడో పట్టుకొని ఉండేవారు. మిగిలిన రోజులలో కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం. దూరపు నడకలో ఒక నియమం పెట్టింది: మాట్లాడగలిగేటంత ఊపిరి ఉండాలి, పాట పాడగలిగేటంత తీరిక ఉండకూడదు. మొదటిసారి వడిగా నడిచినప్పుడు నా గుండె దడదడలాడింది. అరనిమిషం గడిచాక వెనుదిరిగి చూస్తే, ఎన్నడూ అంత తక్కువ కాలంలో దాటని దూరం దాటి ఉన్నాను.

నాన్నగారి మాదిరిగా నేనూ ఒక పుస్తకం కొన్నాను. ఎర్రఅట్ట దొరకలేదు, నీలిరంగుది దొరికింది. ఫిజియోథెరపిస్టు ఒక సులువైన లెక్క నేర్పింది. నడక ముగింపులో ఉన్న నాడీస్పందనల సంఖ్య నుంచి విశ్రాంతిలో ఉన్న సంఖ్యను తీసివేయాలి. మిగిలినదాన్ని నిమిషానికి నడిచిన మీటర్లతో భాగించాలి. వచ్చిన ఫలితం ఒక మీటరుకు గుండె చెల్లించిన అదనపు స్పందనల సంఖ్య. ఆరోగ్యవంతులలో ఇది సాధారణంగా అరకు లోపే ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారికి ఈ లెక్క సరిపడదు. నేను అటువంటివి వాడటం లేదు కనుక నాకు పనికివచ్చింది.

ఫిబ్రవరి నాటి పద్దు ఇది. విశ్రాంతిలో నాడి 78, నడక చివర 103. తేడా 25. నిమిషానికి 20 మీటర్లు. మీటరుకు 1.25 స్పందనలు. జూన్ చివర మళ్ళీ లెక్కించాము. ఆరు నిమిషాలలో 174 మీటర్లు, అంటే నిమిషానికి 29. నాడి 76 నుంచి 105. తేడా 29. మీటరుకు సరిగ్గా ఒక స్పందన. అయిదోవంతు ఆదా! ఆ రాత్రి మా ఆవిడ సేమ్యా పాయసం చేసింది.

అభివృద్ధి అన్నిరోజులూ ఒకేలా సాగలేదు. వానాకాలంలో బాట జారుడుగా ఉండి రెండువారాలు ఆగాము. ఆగినంతలోనే లెక్క కొంత వెనక్కి పోయింది. విదేశాలలో రోగిని పట్టీలతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించే యంత్రాలున్నాయని చదివి, అవి నాకు అందుబాటులో లేవని చింతించాను. ఆ అమ్మాయి నవ్వి, 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధన గురించి చెప్పింది. 408 మంది రోగులను విభజించి, కొందరికి ఆ యంత్రశిక్షణ, మరికొందరికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఇంటివద్ద బలాన్నీ, నిలకడనూ పెంచే వ్యాయామాలు ఇచ్చారట. ఏడాది చివర సగానికి పైగా రోగుల నడక ఒక మెట్టు పైకి వెళ్ళింది. రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కావలసినది యంత్రపు ఖరీదు కాదు, అభ్యాసపు మోతాదు అని నాకు ధైర్యం కలిగింది.

మరొక పరిశోధన మన దేశంలోనే జరిగింది. 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులపై జరిపిన ఆ పరిశీలన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఇంటివారికి కొంత శిక్షణ ఇచ్చి, వారిచేతనే రోగికి వ్యాయామాలు చేయిస్తే ఎలా ఉంటుందని చూశారు. ఆరునెలల తరువాత చూస్తే, మరణించినవారు, పరులపై ఆధారపడినవారు కలిసి రెండు వర్గాలలోనూ నూటికి 47 మందే. అదనపు మేలు కనిపించలేదు. ఈ మాట విని మా ఆవిడ ముఖం చిన్నబోయింది. “నేను పట్టుకొని నడిపించిందంతా దండగేనా?” అంది. ఫిజియోథెరపిస్టు ఆమె చేయి పట్టుకొని, “లేదాంటీ! ఇంటివాళ్ళకు నాలుగు ముక్కలు నేర్పేసి, మా పని కూడా వాళ్ళ నెత్తిన పెడితే సరిపోదని దాని అర్థం. మీరు లేకుంటే అంకుల్ ఇవాళ ఈ పార్కులో ఉండేవారా?” అంది. ప్రేమకు విద్య తోడు కావాలి. విద్య గడప దాటి ఇంటిలోకి రావడానికి ప్రేమ దారి చూపాలి. మా ఇంట్లో ఆ రెండూ కలిశాయి. అందరి ఇళ్ళలోనూ కలవడం లేదన్నది విచారించవలసిన విషయం. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకునే స్తోమత ఎందరికి ఉంటుంది? మా గల్లీ చివర ఇస్త్రీ బండి నడిపే వృద్ధుడికి కూడా ఇదే జబ్బు వచ్చింది. అతడు రెండేళ్ళుగా మంచం మీదనే ఉన్నాడు. మేము నేర్చుకున్నదానిలో కొంత అతని కొడుకుకు చెప్పాను. ఆ అమ్మాయి కూడా అడగకుండానే రెండుసార్లు వెళ్ళి చూసివచ్చింది. ఆ రోజు నుంచి ఆమె ‘అంకుల్’ అన్న పిలుపు నాకు తియ్యగానే వినిపించింది.

నిరాశ కలిగినప్పుడు లూయీ పాశ్చర్‌ను తలచుకునేవాణ్ణి. 1868లో నలభై అయిదేళ్ళ వయసులో ఆయనకూ పక్షవాతం వచ్చింది. నాకులాగే ఎడమవైపు. తరువాతి జీవితమంతా కాలు ఈడుస్తూనే నడిచాడు. కుక్కకాటుకు టీకాను 1885లో ఒక బాలుడికి తొలిసారి ఇప్పించిన మహానుభావుడు ఆ కాలితోనే ప్రయోగశాలలో తిరిగాడు. నేను కనుగొనవలసిన టీకాలు లేవు. నాకొక చిన్న గమ్యం చాలు. అది నుమాయిష్.

నాంపల్లివాసులకు జనవరి నెల అంటే నుమాయిష్. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ పారిశ్రామిక ప్రదర్శన, 1946లో నాంపల్లిలోని ఇప్పటి మైదానానికి మారింది. దాని ఆదాయంతో ఎన్నో విద్యాసంస్థలు నడుస్తున్నాయి. చిన్నతనంలో నాన్నగారి భుజాల మీద కూర్చొని చూశాను. పెళ్ళయ్యాక ఏటా ఇద్దరం వెళ్ళాము. 2023 జనవరిలో మాత్రం ఆ దీపాల వెలుగును డాబా మీది నుంచి చూసి ఊరుకున్నాము. వచ్చే జనవరికి అందులో నా కాళ్ళతో తిరగాలని పుస్తకం మొదటిపుటలో రాసుకున్నాను.

డిసెంబరు చివర కడపటి పరీక్ష. ఆరు నిమిషాలలో 270 మీటర్లు. నిమిషానికి 45. నాడి 72 నుంచి 102. తేడా 30. మీటరుకు 0.67. ఏడాది మొదట్లో పెట్టిన ఖర్చులో దాదాపు సగం. వేగం సెకనుకు 0.75 మీటర్లు. ఆ 0.8 అనే గీత నన్ను ఇంకా ఊరిస్తూనే ఉంది. ఎడమచేతి వేళ్ళు చొక్కా గుండీ పెట్టలేవు. కాలు ఇప్పటికీ కొంచెం తిరుగుతుంది. మునుపటి మనిషిని కాలేదు, కాలేను కూడా. కాని పోస్టాఫీసు దగ్గర ఆ 15 మీటర్ల రోడ్డును ఇప్పుడు 20 సెకన్లలో దాటుతున్నాను. కిందటి ఆదివారం మా ఆవిడ ఇంటిదగ్గరే ఉండిపోయింది. నేను ఒక్కణ్ణే వెళ్ళి రెండు పాత నిఘంటువులు బేరమాడి కొన్నాను.

2024 జనవరిలో ఒక సాయంకాలం నుమాయిష్‌కు వెళ్ళాము. రద్దీ తక్కువగా ఉండే వేళ చూసుకొని, మధ్యమధ్య కూర్చోవడానికి చోట్లు ముందే అనుకొని బయలుదేరాము. కాశ్మీరు శాలువల అంగళ్ళు దాటాము. మిర్చిబజ్జీల వాసన వస్తున్నది. పిల్లల రైలు కూత వేసింది. మైదానం మొత్తం తిరగలేకపోయాను. సగం దూరం తిరిగేసరికి చాలనిపించింది. వెనుదిరిగి వస్తుండగా ఒక అంగడిలో రంగురంగుల గొడుగులు వేలాడుతున్నాయి. మా ఆవిడ వాటివైపు చూస్తూ, ఏడాది కిందటి ప్రశ్ననే మళ్ళీ మెల్లగా వేసింది.

“ఆ గొడుగు పోవడం గుర్తుందా?”

“గొడుగే కాదు, అందులో దాచిన నీ చీర రసీదు కూడా పోయింది. దుకాణంవాడు చీర ఇవ్వనంటే నాన్నగారు వెళ్ళి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది” అన్నాను.

ఆమె ఆగిపోయింది. నేను ఆగలేదు. అంత పొడుగు మాటను నడుస్తూనే చెప్పానన్న సంగతి నాలుగడుగులు వేశాక గాని నాకు తట్టలేదు. ఆమె గబగబా వచ్చి నన్ను కలుసుకుంది. ఆ చీర రంగేమిటన్న విషయం మీద ఇంటిదాకా వాదించుకున్నాము.

మీలో చాలామంది రోజుకు వేల అడుగులు వేస్తారు. వాటి ఖర్చు మీకు తెలియదు, తెలియవలసిన వయసూ కాదు. కాని మీ ఇంట్లో పెద్దవారి ముఖం ఒకవైపు వంగినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా గంటసేపు ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వారు తిరిగి వచ్చాక మంచానికి కట్టివేయకండి. పక్కన నడవండి. వారు జవాబు చెప్పకపోతే మరచిపోయారనుకోకండి. ఊపిరి కూడదీసుకుంటున్నారేమో, కాస్త ఆగండి.

ఆ రాత్రి భోజనానికి ముందు నీలిరంగు పుస్తకాన్ని ఒడిలో పెట్టుకున్నాను. దూరం రాశాను, నాడి రాశాను, కూర్చున్న చోట్లు రాశాను. మాట్లాడుకున్న మాటలకు అందులో గడి లేదు. నాన్నగారైతే ఏ వైపున రాసేవారా అని కాసేపు ఆలోచించి, స్కేలు తీసుకొని ఎడమవైపున ఒక కొత్త గీత గీశాను.